బడి అటక మీది నూకాలు

అనగనగనగా... ఉండండుండండి, ఆ కిటికీ రెక్క దగ్గరికెయ్యి లల్లీ, దోమలొచ్చేస్తున్నాయి. ఒరేయ్ గిరీ, నీ కాలు దానిమీంచి తియ్యరా. ఆఁ, ఇప్పుడు. అనగనగనగా ఒక ఏరు. ఏటికి ఇటుపక్క బొబ్బరపాలెం అని ఒక ఊరు. ఊరికో బడి, బడికో పంతులు, పంతులికో బెత్తం. బెత్తానికి మాత్రం ఎవరూ లేరు, అందుకే అది అందరి వెంటా పడేది.

పంతులుగారి పేరు కామేశం. మంచివాడే పాపం. చదువుకున్నవాడు, గొంతు కంచుగంట. బడి పెంకుటిల్లు. ముందు పెద్ద గది, అందులో పిల్లలు. పైన అటక, అందులో పాత చాపలూ, విరిగిన పీటలూ. వెనక గోడకవతల వంటిల్లు, అందులో పంతులుగారి కోడలు పేరిందేవి. పంతులుగారి కొడుకేమో రాజుగారి కొలువులో ఎక్కడో ఉంటాడు, ఏడాదికోసారి వస్తాడు. వాడు మనకి ఈ కథలో అక్కర్లేదు, వదిలెయ్యండి.

ఊఁ కొడుతున్నారా? కొట్టాలి మరి. లేకపోతే నేను గోడకి చెప్పుకుంటున్నట్టుంటుంది.

పంతులుగారు పాఠం చెప్పేవాడు. చెప్పి, బెత్తంతో బల్ల మీద ఠప్పున కొట్టి, అర్థమైందా అని అడిగేవాడు. ఆఁ! అని ఇల్లెగిరిపోయేలా జవాబొచ్చేది. సరే, ఆరుమూళ్ళు ఎంతరా అనేవాడు. పద్దెనిమిదండీ! అని పెంకులదిరేవి. పంతులుగారికి కడుపు నిండిపోయేది. ఇంక ఆ పూటకి చాలు, నా పిల్లలు సరస్వతీపుత్రులు అనుకుని, వాలుకుర్చీలో కునుకు తీసేవాడు. ఇలా ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు, ఆ బెత్తం అరిగి పుల్లయిపోయేదాకా గడిచింది.

ఇలా ఉండగా, ఆ బడిలో పైడిగాడని ఒక పిల్లాడు. వాళ్ళ నాన్న సింహాద్రి, ఏట్లో పడవ నడుపుతాడు. ఒకరోజు సింహాద్రికి జలుబు చేసి గొంతు మూగబోయింది. పడవవాడికి గొంతు లేకపోతే ఎలా? అవతలి ఒడ్డువాళ్ళని కేకేసి పిలవాలి కదా. వైద్యుడి దగ్గరకెళితే ఆయన తాటాకు మీద నాలుగు ముక్కలు గీకి, ఇలా కషాయం కాచి తాగమన్నాడు. పైడిగాడి తల్లి గౌరమ్మ ఆ ఆకు తెచ్చి కొడుకు చేతికిచ్చింది. మిరియాలు ఎన్నెయ్యమన్నారో చదివి చెప్పరా నాయనా అంది. బళ్ళో చదువుతున్న కొడుకు కదా, ఆవిడకి ఎంత మురిపెం!

వాడు ఆకు చూశాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. అక్షరాలు చీమల బారులా కనిపించాయి. రాదని చెప్పడానికి సిగ్గేసింది. అప్పుడు వాడి నోట్లో ఏముందో అదే బయటికొచ్చింది. పద్దెనిమిదే అమ్మా అన్నాడు.

వైద్యుడు రాసింది మూడే మిరియాలు.

గౌరమ్మ పద్దెనిమిదీ నూరి పోసింది. సింహాద్రి గటగటా తాగాడు. తాగాడో లేదో, కళ్ళు చింతనిప్పులయ్యాయి, చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి, లేచి పరిగెత్తి పరిగెత్తి ఏట్లో దూకాడు. గొంతు మాత్రం వచ్చేసిందనుకోండి. ఊరూరంతా వినపడేలా అరిచాడు కదా.

మర్నాడు పొట్ట పట్టుకుని బడికొచ్చాడు. పంతులుగారూ, మావాడికి చదువు రాలేదండీ అన్నాడు.

పంతులుగారికి ఒళ్ళు మండింది. నా బళ్ళో పిల్లాడికి చదువు రాకపోవడమా! ఇలా కూచుని విను అని, బల్ల మీద ఠప్పున కొట్టి, ఆరుమూళ్ళు ఎంతరా అన్నాడు.

పద్దెనిమిదండీ! పెంకులదిరిపోయాయి.

"విన్నావా?" అన్నాడు పంతులు.

"ఆ పద్దెనిమిదే నా కడుపులో ఉంది పంతులుగారూ," అన్నాడు సింహాద్రి.

పంతులుగారు అయోమయంగా సింహాద్రిని చూశాడు. సింహాద్రి అయోమయంగా పైడిగాణ్ణి చూశాడు. పైడిగాడు అందరికన్నా అయోమయంగా నేల చూశాడు. ఎందుకంటే వాడు నోరే తెరవలేదు! మరి ఆ జవాబు ఎవరు చెప్పారు? పక్కవాళ్ళు చెప్పి ఉంటారనుకున్నాడు. ఆ పక్కవాడూ అలాగే అనుకున్నాడు. వాడి పక్కవాడూ అంతే. ప్రతివాడూ తనొక్కడికే రాదు, మిగతా అందరికీ వచ్చేసింది అనుకుని, బయటికి చెబితే బెత్తం పడుతుందని, ఊరికే పెదాలు కదిపేవాడు.

ఊఁ కొడుతున్నారా? ఆఁ, లల్లి కొడుతోంది. గిరిగాడి ఊఁ కొంచెం నీరసంగా ఉంది.

సరే, ఆ గొడవ అలా సద్దుమణిగిందో లేదో, రాజుగారు వస్తున్నారని దండోరా వేశారు. ఆ రాజుగారి పేరేదో ఉంది, నాలుక చివర ఆడుతోంది, రావట్లేదు. రాజుగారనే అనుకోండి. ఆయనకి ఓ అలవాటు. ఏ ఊరెళ్ళినా బడికెళ్ళి, పిల్లల్ని ఒక ప్రశ్న అడుగుతాడు. ఎప్పుడూ అదొక్కటే ప్రశ్న. చెబితే పంతులికి శాలువా. చెప్పకపోతే ఆ బడి మూసేసి, అందులో తన ఏనుగుల్ని కట్టేస్తాడు.

రాజుగారి పరివారం బళ్ళో పట్టదు కదా, అందుకని బయట ఎండలో పందిరేశారు. పిల్లలందరికీ నూనె రాసి, దువ్వి, బొట్లు పెట్టి కూర్చోబెట్టారు. రాజుగారొచ్చాడు. బాకాలూదారు. పంతులుగారు ఛాతీ విరుచుకుని నుంచున్నాడు.

రాజుగారు అడిగాడు కదా: ఇరవైమంది ఏరు దాటాలి. పడవలో ఆరుగురే పడతారు. పడవ ఎన్నిసార్లు వెళ్ళాలి?

నిశ్శబ్దం.

పంతులుగారు నవ్వుతూ, చెప్పండర్రా అన్నాడు. నిశ్శబ్దం. నవ్వు సగమైంది. చెప్పండర్రా అన్నాడు మళ్ళీ. నిశ్శబ్దం. నవ్వు మొత్తం పోయింది. పోనీ ఆరుమూళ్ళెంతో చెప్పండర్రా అన్నాడు. అదీ లేదు! రాజు మంత్రిని చూశాడు. మంత్రి పంతుల్ని చూశాడు. పంతులు పిల్లల్ని చూశాడు. పిల్లలు ఆకాశం చూశారు. ఆకాశంలో ఒక గద్ద తిరుగుతోంది. గద్దకేం తెలుసమ్మా ఆరుమూళ్ళు?

రాజుగారికి కోపం వచ్చింది. కోతలయ్యాక మళ్ళీ వస్తాను, ఇదే ప్రశ్న అడుగుతాను, అప్పుడూ ఇలాగే ఉంటే ఈ బడి నా ఏనుగులకి, ఈ పంతులు కూడా నా ఏనుగులకే అన్నాడు. ఆయన ఏనుగులకి ఓనమాలు చెప్పాలిట! ఏనుగులకి రాకపోతే మాత్రం ఏమవుతుందో రాజుగారు చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల పంతులుగారికి ఇంకా భయం వేసింది.

మర్నాడు బడిలో, పంతులుగారు ఏడుపు గొంతుతో, ఆరుమూళ్ళు ఎంతరా అన్నాడు. పద్దెనిమిదండీ! పెంకులదిరాయి. చూశారా? నిన్న లేదు, ఇవాళ ఉంది. ఎండలో లేదు, నీడలో ఉంది. పంతులుగారు తల పట్టుకు కూలబడ్డాడు.

గోడకవతల పేరిందేవి పప్పు రుబ్బుతూ ఇదంతా వింటోంది. ఆ పిల్ల చురుకైంది. ఆ వారం జడివాన పట్టుకుంది. ఏరు పొంగింది. బడికి నలుగురే పిల్లలు వచ్చారు, అదీ తడుచుకుంటూ. పంతులుగారు ప్రశ్న అడిగాడు. జవాబు ఎప్పట్లాగే వచ్చింది, పెంకులదిరేలా. పేరిందేవి రుబ్బడం ఆపేసింది. నలుగురు పిల్లలు. నలభైమంది గొంతు. ఇదేం లెక్క?

తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, మావయ్యగారూ, జవాబు చెబుతున్నది పిల్లలు కాదండీ అంది.

మరెవరమ్మా అంటే, నాకూ తెలీదండీ, చూద్దాం అంది.

మర్నాడు వాన తగ్గింది, పిల్లలందరూ వచ్చారు. పేరిందేవి పళ్ళెంలో బెల్లం ముక్కలు పెట్టుకొచ్చింది. ఒక్కొక్కడి నాలిక మీద ఒక్కో ముక్క పెట్టింది. నోరు గట్టిగా మూసుకోవాలి, ఎవరి బెల్లం ఆఖరిదాకా ఉంటే వాళ్ళకి ఇంకో ముక్క అంది. ఇంకేం, అందరూ బుగ్గలు బూరెల్లా పెట్టుకుని కూచున్నారు. ఇప్పుడు అడగండి మావయ్యగారూ అంది.

"ఏడేళ్ళు ఎంత?"

"నలభైతొమ్మిదండీ!"

అటక మీంచి వచ్చింది.

అంతే! బెల్లం ఎక్కడిదక్కడ కక్కేసి పిల్లలు పరుగో పరుగు. పైడిగాడు కిటికీలోంచి దూకాడు, వాకిలి తీసే ఉంది, అయినా కిటికీలోంచే దూకాడు. పంతులుగారు అరుగెక్కి ఆంజనేయుణ్ణి తలుచుకుంటూ కళ్ళు మూసుకున్నాడు. పేరిందేవి ఒక్కత్తే నిచ్చెన తెచ్చి గోడకి ఆన్చింది.

లేదురా గిరీ, భయపడకు, పట్టపగలే. ఇలా దగ్గరికి రా. కొరికే దెయ్యం కాదది.

అటక మీద పాత చాపలు, విరిగిన పీటలు, సాలెగూళ్ళు. మనిషి లేదు. ఒక మూల మాత్రం దుమ్ము లేకుండా తుడిచినట్టుంది, ఎవరో రోజూ కూచుంటున్నట్టు.

"ఎవరమ్మా నువ్వు?" అంది పేరిందేవి.

ఆ మూలలోంచి ఒక సన్నటి గొంతు. రోజూ నలభై గొంతులతో అరిచేది కాదు, చిన్నపిల్ల గొంతు. "నాను నూకాల్నండమ్మా."

అప్పుడు చెప్పుకొచ్చింది. ఈ పంతులుగారి తండ్రి, పెద్ద పంతులుగారి కాలంలో, నూకాలు మేకలు కాసేది. ఆడపిల్లల్ని బళ్ళోకి రానిచ్చేవారు కాదు అప్పుడు. కామేశం పంతులుగారి కాలంలో మాత్రం రానిస్తున్నారా ఏం, ఆ ఊళ్ళో అప్పటికీ లేదు. నూకాలు మేకని గుంజకి కట్టేసి, బడి గోడ పక్కన చతికిలబడి పాఠమంతా వినేది. పెద్ద పంతులుగారు లోపల ఎవర్ని ఏమడిగినా, బయట నూకాలుకి జవాబు వచ్చేసేది. గోడకవతలనుంచి చెబితే ఎవరు వింటారు? ఓ వానాకాలం జ్వరం తగిలి పోయింది పాపం.

"పోయినాక గోడ అడ్డం నేదు కదమ్మా," అంది నూకాలు. "అందికే లోపలికొచ్చి కూకున్నాను. ఒక్కపాలి, ఒక్క ప్రశ్న, నన్నెవులూ అడగనేదు. మరి ఎవుల్ని అడిగినా నానే సెప్పెస్తన్నాను. తప్పేటమ్మా?"

పేరిందేవి ఆలోచనలో పడింది. తప్పంటే నోరు రాదు. కాదంటే కింద పిల్లలు ఏమైపోవాలి? తను మాత్రం ఏ బడికెళ్ళింది? ఆ వంటింటి గోడకానుకుని, పప్పుతోపాటు ఎక్కాలూ రుబ్బుకున్న పిల్లే కదా. వచ్చిన జవాబు నోట్లోనే మింగడం ఆవిడకీ తెలుసు.

ఆలోచించి, చూడు నూకాలూ, రోజూ మొదటి ప్రశ్న నీది, మా మావయ్యగారు నీ పేరు పెట్టి అడుగుతారు, నువ్వు చెబుదువుగాని, ఆ తర్వాతవన్నీ పిల్లలవి, వాళ్ళు తడబడినా తప్పు చెప్పినా నువ్వు నోరెత్తకూడదు అంది.

"తెలిసి కూడా ఊరుకోడం ఎలగమ్మా? నాలిక దురదెట్టదా?"

"పెడుతుంది. పిల్ల మొదటిసారి అడుగేస్తుంటే అమ్మ చెయ్యి వదిలేసి చూస్తుంది చూడు. ఆవిడకి మాత్రం చేతులు లాగవూ?"

ఊఁ కొడుతున్నారా? ఏదీ, లల్లీ, నువ్వు చెప్పు, రాజుగారు ఏమని అడిగాడు?

ఏనుగా? ఏనుగని అడిగాడా? చూశావురా గిరీ, ఊఁ మాత్రం నీకంటే గట్టిగా ఇదే కొడుతోంది. ఏనుగు కాదే తల్లీ, పడవ. ఇరవైమంది, పడవలో ఆరుగురు, ఎన్నిసార్లు. ఏదీ, లేచి కూచో కాస్త. ఆఁ.

మర్నాడు బళ్ళో పంతులుగారు చేతులు జోడించుకుని, అటకవైపు తలెత్తి అడిగాడు. "నూకాలమ్మా, ఎనిమిది తొమ్మిదులు ఎంతమ్మా?"

పిల్లలు తలలెత్తి చూశారు. పెంకుల సందులోంచి కాస్త దుమ్ము రాలింది. ఎవరో ముక్కు ఎగబీల్చినట్టయింది.

"డెబ్భై రెండండీ," అంది నూకాలు, ఎంత మెల్లగా అంటే, పంతులుగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకోవాల్సి వచ్చింది.

"శభాష్," అన్నాడు ఆయన. అటక మీంచి చాలాసేపు ఏడుపు వినపడింది. సంతోషంతోనే ఏడుస్తోందని పేరిందేవి అందరికీ చెప్పింది.

తర్వాత పంతులుగారు పైడిగాణ్ణి లేపి, ఆరుమూళ్ళు అడిగాడు. వాడు, ఆరొకట్లు ఆరు, ఆరురెళ్ళు పన్నెండు అని పాట మొదలెట్టాడు. మధ్యలో ఆపితే మళ్ళీ మొదట్నుంచీ. ఆరంటే ఏంటో, మూడంటే ఏంటో వాడికి తెలీదు, రాగం తెలుసు. ఇంకొకణ్ణి లేపాడు. వాడు స్తంభం వెనక కూచుంటాడు, నల్లబల్ల మీద పంతులు రాసింది ఏనాడూ కనపడనే లేదు, పక్కవాడి పలక చూసి గీసేవాడు. ఆ పక్కవాడేమో స్తంభం వాడి పలక చూసి గీసేవాడు! మరొకడికి అన్నీ వచ్చు, పంతులు పేరు చెబితే మాత్రం నాలిక పీక్కుపోతుంది. ఇలా ఒక్కొక్కణ్ణీ అడుగుతూ అడుగుతూ పొద్దు వాలింది.

పంతులుగారు లేచి వంటింటి గడప మీద కూలబడ్డాడు. "ఇన్నేళ్ళూ నేను పాఠం ఎవరికి చెప్పానమ్మాయ్?"

"నూకాలుకి చెప్పారు మావయ్యగారూ. దానికి బాగా వచ్చింది," అంది పేరిందేవి. ఎగతాళికి కాదు. నిజంగానే అంది.

ఆయన ఆ పూట అన్నం తినలేదు. ఆవిడ బతిమాలి మజ్జిగ తాగించింది. ఆ బెత్తం మాత్రం తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టేసింది. తెలీదు అంటే దెబ్బ పడేచోట తెలీదని ఎవరు చెబుతారు మావయ్యగారూ అంది. రేపట్నుంచి తెలీదన్నవాడికి బెల్లం ముక్క పెట్టండి అంది.

పెట్టాడు. ఏమైందంటారు? మర్నాడు బడి మొత్తానికి ఏమీ తెలీదు! నీ పేరేంట్రా అంటే తెలీదండీ, బెల్లం. ఇది ఏ ఊర్రా అంటే తెలీదండీ, బెల్లం. అన్నీ వచ్చినవాడు కూడా, తెలీదండీ, బెల్లం. పంతులుగారికి మళ్ళీ అయోమయం. తెలుసు అన్నప్పుడు తెలీదు, ఇప్పుడు తెలీదంటే తెలుసు! అమ్మాయ్, నా బెత్తం ఏదీ అన్నాడు. అన్నం ఉడికిపోయిందండీ దాంతో అంది కోడలు.

పేరిందేవి కూడా తికమకపడిందనుకోండి. బెల్లం కూడా బెత్తంలాంటిదేనా అని రాత్రంతా బుర్ర బద్దలుకొట్టుకుంది. పొద్దున్న దోసెలు పోస్తుంటే తట్టింది. దోసె కాలిందా అని పెనాన్ని అడుగుతామా? అంచు లేపి చూస్తాం. ఎక్కడ పచ్చిగా ఉందో అక్కడ ఇంకో చుక్క నూనె వేస్తాం. అంచేత, తెలుసా తెలీదా అని అడగొద్దండీ, ఎక్కడిదాకా తెలుసు, ఎక్కణ్ణుంచి తెలీదు, అది చెప్పమనండి అంది.

అది మాత్రం పనిచేసింది. ఒకడు, పదిదాకా వేళ్ళమీద వస్తోందండీ, పది దాటితే వేళ్ళు చాలట్లేదండీ అన్నాడు. వాడికి చింతగింజలిచ్చాడు. స్తంభం వాణ్ణి ముందుకి కూర్చోబెట్టాడు. నాలిక పీక్కుపోయేవాడికి పలక ఇచ్చి, నోటితో కాకుండా చేత్తో చెప్పమన్నాడు. ఎవరికైనా అర్థమైందండీ అంటే, అయితే పక్కవాడికి చెప్పు, నేను వింటాను అనేవాడు. చెబుతుంటే చెబుతుంటే ఎక్కడో ఆగిపోయేవారు. ఆగినచోట పంతులుగారు మళ్ళీ మొదలెట్టేవాడు. పైడిగాడు అందరికన్నా ఎక్కువసార్లు ఆగాడు. ఒకరోజు పలక విసిరికొట్టి, నాకు రాదు, నేను పడవే నడుపుకుంటాను అని ఏటికి పారిపోయాడు. సింహాద్రి వాణ్ణి భుజాన వేసుకుని తెచ్చి, పడవకీ లెక్క కావాల్రా అని మళ్ళీ కూర్చోబెట్టి వెళ్ళాడు.

కోతలు అయిపోయాయి. రాజుగారు రానే వచ్చాడు. వెనకాల రెండు ఏనుగులు కూడా వచ్చాయి. బడి కొలత చూసుకోవడానికి కాబోలు. ఆ రోజు ఒకటే ముసురు. పందిరి వేయడానికి లేదు, రాజుగారు తలొంచుకుని బడి లోపలికే వచ్చి కూచున్నాడు.

పేరిందేవికి భయం పట్టుకుంది. లోపలంటే అటక కింద! నూకాలు నోరు జారితే? రాజుగారు శాలువా ఇచ్చి వెళ్ళిపోతాడు, మళ్ళీ పిల్లల పని మొదటికొస్తుంది. నోరు జారకపోతే? పిల్లలకి రాకపోతే మావగారు ఏనుగుల పాలు. ఏది కోరుకోవాలో తెలీక, గుమ్మంలో నుంచుని అటకవైపు చూసి పెదాల మీద వేలు పెట్టింది.

రాజుగారు అడిగాడు. "ఇరవైమంది ఏరు దాటాలి. పడవలో ఆరుగురే పడతారు. ఎన్నిసార్లు?"

ఎవరూ అందరితో కలిసి అరవలేదు. చింతగింజల చప్పుడు. పలకల చప్పుడు. పైన అటక కిర్రుమంది. దుమ్ము రాజుగారి కిరీటం మీద రాలింది. పంతులుగారు కళ్ళు మూసుకున్నాడు. నూకాలు నాలిక ఎంత దురదపెట్టి ఉంటుందో, ఆ తల్లి ఎలా పట్టుకుందో, ఉలకలేదు పలకలేదు.

అప్పుడు పైడిగాడు లేచాడు. "నాకో సందేహం అండీ," అన్నాడు.

మంత్రి, జవాబు చెప్పరా అంటే సందేహమేంటి అని కసిరాడు. రాజుగారు చెయ్యెత్తి, అడగనీ అన్నాడు.

"పడవలో ఆరుగురంటే మా నాన్నని కలిపాండీ, కలపకుండానాండీ?"

రాజుగారు తెల్లబోయాడు. నాన్నేంటి అన్నాడు. పడవ నడిపేవాడు ఉండాలి కదండీ, ఆయనే మళ్ళీ తిప్పుకు రావాలి, ఆయన్ని కలిపితే ఎక్కేది ఐదుగురే అన్నాడు పైడి. రాజు మంత్రిని చూశాడు. మంత్రి పంతుల్ని చూశాడు. పంతులు, నాకూ తెలీదండీ అన్నాడు, ఆ మాట చెప్పడానికి ఎంత హాయిగా ఉందో మొహంలో తెలిసిపోతూ. అసలు సంగతేంటంటే, చిన్నప్పుడు రాజుగారికి ఆయన గురువు నాలుగు అని జవాబు చెప్పేశాడు. ఈయన ఆఁ అన్నాడు. అంతే, ఇన్నేళ్ళూ ఊరూరా అదే అడుగుతున్నాడు గానీ, నాలుగెందుకో ఆయనకీ తెలీదు!

పైడి నేలమీద గింజలు పరిచాడు. నాన్నని కలపకపోతే ఆరు, ఆరు, ఆరు, మిగిలిన ఇద్దరికీ ఇంకోసారి. ఇద్దర్నీ ఒడ్డున వదిలేసి పోలేం కదండీ. కలిపితే ఐదు, ఐదు, ఐదు, ఐదు. ఎలా చూసినా నాలుగుసార్లేనండీ అన్నాడు.

రాజుగారు సింహాసనం, అదే, కుర్చీ దిగి గింజల దగ్గర గొంతుక్కూచున్నాడు. చూసి చూసి, ఆఁ! అర్థమైంది! అన్నాడు.

పంతులుగారికి అలవాటైపోయింది కదా. నోరు ఆగలేదు. "అయితే మీరు చెప్పండి బాబూ, నేను వింటాను," అనేశాడు.

అనేశాక తెలిసింది ఎవర్నన్నాడో. మంత్రి చెయ్యి కత్తి మీదికెళ్ళింది. బయట ఏనుగు ఘీంకరించింది. పేరిందేవి గుమ్మం పట్టుకుంది.

రాజుగారు గింజలు చేతిలోకి తీసుకున్నాడు. ఆరు అన్నాడు, ఆరు అన్నాడు, ఆరు అన్నాడు. మిగిలిన రెండు గింజలూ చేతిలో పట్టుకుని దిక్కులు చూశాడు. "మధ్యలో ఎక్కడో తప్పిపోయాను. ఈ ఇద్దరూ ఎవరు?" అన్నాడు చిన్నపిల్లాడిలా.

"ఒడ్డున ఉన్నారండీ. మా నాన్నని కేకెయ్యండి," అన్నాడు పైడి.

"ఓహో! మళ్ళీ రావాలి!" అని రాజుగారు తొడ చరుచుకున్నాడు. మీసాల్లోంచి నవ్వు బయల్దేరి పొట్టదాకా వెళ్ళింది. అటకమీద ఎవరో కిచకిచా నవ్వారు. ఏంటది అన్నాడు మంత్రి. ఎలకలండీ అంది పేరిందేవి.

రాజుగారు శాలువా తీసి పంతులుగారికి కప్పబోతే, ఆయన తీసుకుని కోడలి చేతికిచ్చాడు. నీకేం కావాలమ్మా అని రాజుగారు ఆవిణ్ణి అడిగాడు. ఈ బడి గోడ పక్కన బయట ఏ ఆడపిల్లా కూచోకూడదండీ, లోపల కూర్చోబెట్టండి, పేరు పెట్టి అడగండి అంది. సరే అన్నాడు. ఏనుగులు తడిసి ముద్దయి ఇంటికెళ్ళిపోయాయి.

ఆ సోమవారమే గౌరమ్మ తన కూతురు అంకమ్మని, పైడి చెల్లెలు, లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. పంతులుగారు మొదటి ప్రశ్న ఎప్పట్లాగే అటకవైపు తలెత్తి నూకాలుని అడిగాడు. జవాబు లేదు. మళ్ళీ అడిగాడు. లేదు. పేరిందేవి నిచ్చెనెక్కి చూసింది. ఆ మూల కూడా సన్నగా దుమ్ము పట్టింది. పంతులుగారు ఆ ప్రశ్నే అంకమ్మని అడిగాడు. సగందాకా తెలుసండీ అంది ఆ పిల్ల.

అయితే ఆ సగం దగ్గర్నుంచే మొదలెడదాం అన్నాడు పంతులుగారు.

నూకాలు ఎక్కడికెళ్ళిందా? ఏమోనమ్మా, నాకు అక్కడిదాకే తెలుసు. ఆ తర్వాత ఊరంతా సుఖంగా ఉన్నారు, సింహాద్రి మాత్రం జన్మలో మిరియం ముట్టలేదు. అంచేత పిల్లలూ, ఆఁ అనడం తేలిక. ఇదిగో ఇక్కడ ఆగిపోయాను అని చెప్పడమే కష్టం. అలా చెప్పినవాణ్ణి కొట్టకూడదు, పక్కన కూచోవాలి.

కథేమో కంచి దారి పట్టింది, మనమేమో దుప్పట్లోకి. కళ్ళు మూసుకోండింక.